చంపావతి మొగలో గుల్లలు వానకీ చచ్చాయి, ఎండకీ చచ్చాయి. అసలు కారణం వేడా, ఉప్పా?

కోనాడ పిల్ల:

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను, జువాలజీ. మాది పూసపాటిరేగ మండలంలో కోనాడ పక్క ఊరు. చంపావతి ఏరు సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, పాటు వేళ మా అమ్మ, పిన్ని, ఇంకొందరు ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో దిగి, ఇసుకలో చేతులతో తడిమి గుల్లలు తీస్తారు. నున్నటి పెంకు, లేత గోధుమ రంగు, మూడు మూలల ఆకారం. పుస్తకంలో బొమ్మలతో పోల్చి చూస్తే మెరెట్రిక్స్ రకం అనిపించింది. ఇంట్లోకి ఉంచుకోగా మిగిలినవి అమ్ముతారు.

కిందటి అక్టోబరులో వాయుగుండం వానలకి ఏరు నిండుగా వచ్చింది. వారం పోయాక చూస్తే పైవైపు తిప్ప దగ్గర గుల్లలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, ఒకటే కంపు. అదే మొగ దగ్గర లోతు కాలవలో ఉన్నవి బాగానే ఉన్నాయి. ఈ ఏడాది మే నెలలో మొగ ఇసుకతో మూసుకుపోయి నీరు నిలవైపోయింది. అప్పుడు మళ్లీ చావు, ఈసారి లోతు తక్కువ ఉన్న చోట. మా లెక్చరర్ గారు వాన చావుకి ఉప్పు తగ్గడం, ఎండ చావుకి వేడి అని రాసుకోమన్నారు. ప్రాజెక్టులో అలాగే రాద్దామంటే నాకే కొన్ని కుదరడం లేదు.

డిసెంబరు ముసురుకి కూడా అక్కడి నీరు చప్పబడింది. నేను రిఫ్రాక్టోమీటరుతో (నీటి ఉప్పు కొలిచే పరికరం) చూశాను, 8 పీపీటీ ఉంది, అంటే వెయ్యి పాళ్లలో 8 పాళ్లు ఉప్పు. అయినా ఒక్కటీ చావలేదు. ఎందుకని?

రెండోది, కొన్ని గుల్లలు ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ టబ్బులో వేసి మూత పెట్టాను, గాలి గొట్టం పెట్టలేదు. బావి నీళ్లలో కొట్లో కొన్న ఉప్పు కలిపి సరిగ్గా 30 పీపీటీకి తెచ్చాను. తెల్లారేసరికి సగం పోయాయి. ఉప్పు సరిగ్గానే ఉంది కదా?

మూడోది చదువుకి సంబంధం లేనిది కావచ్చు. వానాకాలం గుల్ల చప్పగా ఉంటుందనీ, ఎండాకాలం గుల్లకి రుచి ఎక్కువనీ మా నానమ్మ అంటుంది. అందులో ఏమైనా ఉందా?

భోగాపురం కుర్రోడు:

రొయ్యల చెరువుల నీళ్లు ఏట్లోకి వదిలేస్తున్నారు, అదే కారణం. వేడి, ఉప్పు అని పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఏటి లాభం? మా వైపు కూడా ఒకసారి చేపలు తేలిపోయాయి.

రిఫ్రాక్టో అక్క:

నేను ఈ తీరంలోనే రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. అంతకు ముందు హేచరీలో చేశాను. గుల్లలు నా పని కాదు గాని, నీళ్లు నా పనే. అమ్మాయ్, నీ ప్రశ్నలు బాగున్నాయి. ముఖ్యంగా మొదటిది. దానికి జవాబు దొరికితే నీ ప్రాజెక్టు సగం అయిపోయినట్టే.

ముందు భోగాపురం తమ్ముడి మాట. చెరువు నీళ్లు కారణం కాదని నేను అనను. కానీ ఎవరు చచ్చారో చూస్తే కొంత తెలుస్తుంది. చేపలు, పీతలు, రొయ్యలు అన్నీ ఒకేసారి తేలితే ఆక్సిజన్ పడిపోయిందనో, ఏదో విషం కలిసిందనో అనుమానించాలి. కదల్లేని గుల్లలు మాత్రమే పోయి, చేప బతికే ఉంటే, చేప తనకి నచ్చని నీళ్లలోంచి వెళ్లిపోయిందన్నమాట. గుల్లకి ఆ వీలు లేదు. నీ పోస్టులో చేపల మాట లేదు, కాబట్టి నేను నీళ్ల ఉప్పు దగ్గరే మొదలుపెడతాను.

మన జిల్లాల్లో అందరికీ తెలిసిన జీవి వనామీ రొయ్య. దాన్ని 5 పీపీటీలో పెంచుతున్నాం, 35లోనూ పెంచుతున్నాం. ఎలా కుదురుతోంది? దాని రక్తం ఉప్పు దాని చేతిలో ఉంటుంది. బయట 25 పీపీటీ దగ్గర ఉన్నప్పుడు లోపలా బయటా దాదాపు సమానం. అంతకన్నా తగ్గితే మొప్పల దగ్గర ఉప్పుని లోపలికి లాక్కుంటుంది, పెరిగితే బయటికి తోస్తుంది. దానికి శక్తి ఖర్చవుతుంది గాని బతుకుతుంది. మన రక్తమైతే ఎప్పుడూ సెలైన్ బాటిల్ అంత, అంటే 0.9 శాతం, 9 పీపీటీ.

గుల్లకి ఆ పంపు లేదు. బయట నీళ్లు ఎంత ఉప్పో దాని రక్తం కూడా ఇంచుమించు అంతే. నోరు తెరిచి నీళ్లు పీలుస్తున్నంతసేపూ ఏరు 30 అంటే రక్తం 30, ఏరు 12 అంటే కొన్ని గంటల్లో రక్తం కూడా 12 వైపు దిగిపోతుంది. ఇక కణాల సంగతి చూడు. చుట్టూ ఉన్న రక్తం పలచబడితే నీరు కణంలోకి దూరుతుంది, కణం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఆపుకోవడానికి కణం తన లోపల దాచుకున్న అమైనో యాసిడ్లని వదిలించుకుంటుంది. గ్లైసిన్, అలనైన్, టారిన్ లాంటివన్నమాట. కొన్ని అలాగే బయటికి పోతాయి, కొన్ని విరిగి అమోనియాగా పోతాయి. అందుకే ఉప్పు ఒక్కసారి తగ్గించిన టబ్బులో అమోనియా పెరుగుతుంది. ఉప్పు పెరిగితే అంతా తిరగబడుతుంది, కణం అమైనో యాసిడ్లు కూడబెట్టుకుంటుంది. ఈ సర్దుబాటు ఒక పూటలో అయ్యేది కాదు, రోజులు పడుతుంది. నెమ్మదిగా మారితే గుల్ల చాలా దూరం సర్దుకుంటుంది, ఒక్కసారి మారితే తలుపు వేసేస్తుంది.

మీ నానమ్మ మాట ఇక్కడే వస్తుంది. గ్లైసిన్, అలనైన్ నాలుక మీద తియ్యగా తగులుతాయి. ఉప్పు నీళ్లలో ఉన్న గుల్ల కండలో అవి ఎక్కువ, వరద నీళ్లలో ఉన్నదాంట్లో తక్కువ. గుడ్లు పెట్టే ముందు బలిసి ఉండడం, పెట్టాక చిక్కిపోవడం కూడా రుచిని మారుస్తాయి గాని, ఉప్పు వాటా మాత్రం ఖాయంగా ఉంది. చదువుకి సంబంధం లేదన్నావు, నన్నడిగితే నీ ప్రాజెక్టులో మొదటి పేరా అదే కావాలి.

ఇప్పుడు తలుపు సంగతి. నీళ్లు బాగా చప్పబడ్డాయని తెలియగానే గుల్ల నీళ్లు పీల్చే గొట్టాలు లోపలికి లాక్కుని రెండు చిప్పలూ బిగించేస్తుంది. లోపల కాస్త పాత ఉప్పునీరు మిగిలి ఉంటుంది, కండ దాంట్లో క్షేమం. తుపాను వస్తే మనం తలుపులు వేసుకుని ఇంట్లో ఉన్న బియ్యంతో గడుపుతాం కదా, అలాగ. ఆ బియ్యం ఎన్నాళ్లు వస్తుందన్నదే అసలు లెక్క.

మూసుకున్నాక ఆక్సిజన్ రాదు. లోపలున్నది కాస్సేపట్లో అయిపోతుంది. అప్పుడు దాచుకున్న పిండి నిల్వ, గ్లైకోజన్‌ని ఆక్సిజన్ లేకుండానే వాడుకుంటుంది. మన కండరాల్లో అయితే లాక్టిక్ యాసిడ్ తయారవుతుంది. గుల్ల దారి వేరు, సక్సినేట్, ప్రొపియోనేట్ లాంటివి తయారుచేస్తుంది. లాక్టిక్ దారి కన్నా అందులో కొంచెం ఎక్కువ శక్తి గిట్టుతుంది. పైగా ఒంట్లో పనులన్నీ తగ్గించేసుకుంటుంది, గుండె కూడా నెమ్మదిస్తుంది. అయినా లోపల పులుపు చేరుతూనే ఉంటుంది. ఆ పులుపుని విరవడానికి గుల్ల తన పెంకునే కరిగించుకుంటుంది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయే కదా. చాలాసేపు మూసుకుని ఉన్న గుల్ల రక్తంలో కాల్షియం పెరుగుతుంది, పెంకు లోపలి నునుపు మాసిపోతుంది. చచ్చినవాటి పెంకులు నువ్వు ఇంకా పారేయకపోతే లోపలివైపు చేత్తో తడిమి, బతికినవాటితో పోల్చు. తేడా కనిపించినా కనిపించకపోయినా రాసుకో. చచ్చాక నీళ్లలో ఉండి కూడా గరుకెక్కుతాయి కాబట్టి అదొక్కటే సాక్ష్యం అనుకోకు.

సరే, డిసెంబరులో ఎందుకు చావలేదు?

గుల్లకి ఒంటి వేడి అంటూ సొంతంగా ఏదీ లేదు, నీళ్ల వేడే దాని వేడి. ఓర్చుకోగల హద్దులో ఉన్నంతవరకు 10 డిగ్రీలు పెరిగితే ఒంట్లో ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది, ఇది చల్లని రక్తం జీవులన్నింటికీ మోటుగా వర్తించే లెక్క. మన తీరంలో అక్టోబరు మొదట్లో నీళ్లు ఇంకా 29 దగ్గర ఉంటాయి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి 25, 26. లోతులేని ఏటి నీళ్లు తెల్లవారుజామున ఇంకా చల్లబడతాయి. తలుపు వేసుకున్న గుల్లకి ఆ నాలుగైదు డిగ్రీల తేడా చాలా పెద్దది. అదే నిల్వ ఎక్కువ రోజులు వస్తుంది, పులుపు నెమ్మదిగా చేరుతుంది. రెండో విషయం, డిసెంబరు ముసురుకి ఏరు పొంగదు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీరు లోపలికి తోసుకొస్తుంది, ఆ కాస్సేపు గుల్ల నోరు తెరిచి ఊపిరి పీల్చుకుని మళ్లీ మూసుకుంటుంది. అక్టోబరు వరదలో ఆ సందు దొరకలేదు. కొండల మీంచి వచ్చిన నీరు పోటుని కూడా తోసేసి రోజుల తరబడి అలాగే ఉంది. ఆ నెలల్లో సముద్రం కూడా మామూలుగా ఉండదు. గంగ, మహానది నీళ్లు కలిసిన పలచటి ఉప్పునీరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి దక్షిణానికి, అంటే మన ముందునుంచే పోతుంది. పోటు తెచ్చే నీరే 35 ఉండదు.

అందుకే వాన చావుకి ఉప్పు, ఎండ చావుకి వేడి అని రెండు గళ్లు గీసుకోవద్దంటాను. అక్టోబరులో మూయించింది ఉప్పు. మూసుకున్నాక ఎన్నాళ్లు బతకగలదో తేల్చింది వేడి. వరదకి వచ్చిన బురద కూడా తోడయ్యే ఉంటుంది. మొప్పలకి బురద పడితే దాన్ని జిగురుతో చుట్టి కక్కేయడానికే ఉన్న శక్తి పోతుంది.

మే నెల సంగతి ఇంకోలా ఉంటుంది, అది రాత్రికి రాస్తాను. ల్యాబ్‌కి మనుషులు వచ్చారు.

ఉప్పుమడి, నౌపడ:

అక్క గారు మిగతాది రాసేలోపు టబ్బు ప్రశ్నకి నేను చెప్తాను చెల్లెమ్మా. మాది సంతబొమ్మాళి వైపు, తాతల నాటి నుంచీ ఉప్పుమళ్ల పని.

సముద్రపు నీరు ఉప్పు ఒక్కటే కాదు. మా దగ్గర బామే మీటరు పెట్టి నీటి చిక్కదనం డిగ్రీల్లో చూస్తాం. సముద్రం నీరు మూడు, మూడున్నర డిగ్రీలు ఉంటుంది. మళ్లలో ఎండి ఎండి 13 దగ్గరికి వచ్చేసరికి జిప్సం దిగడం మొదలవుతుంది, అంటే కాల్షియం చాలావరకు అక్కడే పోయింది. ఉప్పు 25 దగ్గర గడ్డకడుతుంది. 29, 30 వచ్చేసరికి ఉప్పు తీసేసి మిగిలిన నీరు వదిలేస్తాం. నాలిక మీద వేసుకుంటే చేదు. మెగ్నీషియం అంతా ఆ చేదు నీళ్లలోనే పోతుంది, పొటాషియం కూడా. నువ్వు కొట్లో కొన్న ఉప్పు మధ్యలో వచ్చిన సరుకు. కాల్షియం ముందే పోయింది, మెగ్నీషియం వెనక పోయింది. దాన్ని బావి నీళ్లలో కలిపితే ఉప్పగా ఉంటుంది గాని సముద్రం అవదు.

ఉప్పు తగ్గించాలంటే సముద్రపు నీరే తెచ్చి మంచినీళ్లు కలుపు. పెంచాలంటే అదే నీటిని ఎండలో పళ్లెంలో పెట్టి కాస్త ఇంకించు. బామే మీటరు మీద 5 డిగ్రీలు దాటనీయకు, అప్పటిదాకా ఏమీ పెద్దగా విరగదు.

రిఫ్రాక్టో అక్క:

నౌపడ అన్నయ్య గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. బోరు నీళ్లతో వనామీ వేసిన రైతులు పొటాష్, మెగ్నీషియం బస్తాలు ఎందుకు కొంటున్నారంటే ఇందుకే. రిఫ్రాక్టోమీటరు గాజు మీద నీటిచుక్క వెలుగుని ఎంత వంచుతుందో చూసి చెప్తుంది. ఆ వంపు సోడియం వల్లో మెగ్నీషియం వల్లో దానికి తెలియదు. అంకె 30 చూపించింది, గుల్లకి కావలసినవి మాత్రం అందులో లేవు. దానికి తోడు మూత పెట్టిన ప్లాస్టిక్ టబ్బు, గాలి గొట్టం లేదు, రాత్రంతా ఉక్క. ఒక్కటి చచ్చి కుళ్లితే మిగతా వాటికి అమోనియా. ఇవన్నీ కలిశాయి.

ఇప్పుడు మే నెల. మొగ మూసుకుపోతే పోటు, పాటు రెండూ ఆగిపోతాయి. నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. మోకాలి లోతు నీళ్లు మధ్యాహ్నం 34, 35 డిగ్రీలకి పోవడం మామూలే, నేను చెరువుల్లోనే చూస్తుంటాను. ఈ వేడికి గుల్ల మూసుకోదు, ముందు ఇంకా ఎక్కువ పీలుస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ నీటిని వడగట్టడం పెరుగుతుంది, తిండి పెరుగుతుంది, ఊపిరి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక వడగట్టడం పడిపోతుంది, ఊపిరి ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రాబడి తగ్గి ఖర్చు పెరగడం అక్కడ మొదలవుతుంది. నీ పుస్తకంలో ఎదుగుదలకి మిగిలే శక్తి అని ఒక సమీకరణం ఉంటుంది చూడు, తిన్నదాంట్లో అరిగినది మైనస్ ఊపిరికీ విసర్జనకీ పోయినది. అది సున్నాకి దిగాక గుల్ల తన కండనే తింటుంది. నెల రోజులు అలా నడిస్తే బలహీనపడిన దాన్ని చంపడానికి వేరే పెద్ద కారణం అక్కర్లేదు.

ఆక్సిజన్ దీనికి అడ్డం తిరుగుతుంది. 35 పీపీటీ సముద్రపు నీళ్లలో 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. అవసరం పెరిగేకొద్దీ నీళ్లలో చోటు తగ్గుతుంది. ఉప్పు పెరిగినా ఇంకాస్త తగ్గుతుంది. చాలా గుల్లల రక్తంలో మనకున్నట్టు హీమోగ్లోబిన్ ఉండదు, నీళ్లలో ఎంత కరుగుతుందో రక్తంలోనూ అంతే. కాకినాడ వైపు దొరికే రక్తపు గుల్ల, అదే అనడారా, దానికి మాత్రం ఎర్ర రక్తకణాలు ఉంటాయి. కోస్తే చేతులు ఎర్రబడతాయి. ఆక్సిజన్ తక్కువున్న బురదలో అది బతకగలగడానికి అదొక కారణం. మీ మెరెట్రిక్స్‌కి ఆ సదుపాయం లేదు.

నిలవ నీళ్లలో పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తినేస్తుంది. రొయ్యల రైతులు తెల్లవారుజామున నీళ్లలోకి గాలి కలిపే ఎరేటర్లు తిప్పేది అందుకే. మొగ మూసిన ఏటికి ఎరేటర్ ఎవరు పెడతారు? కాబట్టి నీ మే చావు మధ్యాహ్నపు ఎండకి కాకుండా తెల్లారగట్ల డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి జరిగి ఉండొచ్చు. మళ్లీ మే వస్తే ఉదయం అయిదింటికి ఒక రీడింగు తీయించు. మన దగ్గర డీవో రీడింగులన్నీ పదకొండింటికి టిఫిను తిన్నాక తీసినవే, అన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి.

వేడి ఒక్కటే చంపేసిన ఉదాహరణ కావాలంటే 2021 జూన్ ఆఖరులో కెనడా పడమటి తీరం. మామూలు కన్నా ఎంతో ఎక్కువ వడగాలి, దానికి తోడు పట్టపగలు బాగా లోతుకి తీసిన పాటు. రాళ్లకి అంటుకున్న ఆల్చిప్పలు అక్కడికక్కడే ఉడికిపోయాయి. తీరప్రాంత జీవులు వంద కోట్లకు పైగా చచ్చి ఉంటాయని అక్కడి శాస్త్రవేత్తల అంచనా. రాయి మీది ఆల్చిప్పకి దిగడానికి చోటు లేదు. మీ గుల్లకి ఇసుక ఉంది, జానెడు లోపల ఎండ తగలదు.

అలాగని గుల్లలన్నీ ఒకటే అనుకోకు. కేరళలో వెంబనాడ్ నల్ల గుల్ల విల్లోరిటా తక్కువ ఉప్పుకి అలవాటు పడింది. అయినా పూర్తి మంచినీళ్లలో దాని సంతానం నిలవదు, పిల్ల పుట్టడానికి కాస్త ఉప్పు కావాలి. అందుకే అక్కడ ఉప్పునీరు రాకుండా కట్టిన తన్నీర్‌ముక్కం గట్టు తలుపులు ఎప్పుడు తెరవాలన్నది పెద్ద గొడవ. అదే రాష్ట్రంలో అష్టముడి గుల్ల పాఫియా, కాస్త ఎక్కువ ఉప్పు కోరుతుంది. 2014లో ఆ వేటకి మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ వచ్చింది, మన దేశంలో మొదటిది అదే. ఒకచోట చదివిన అంకెని ఇంకో గుల్లకి అంటించేయకూడదని చెప్పడానికే ఇదంతా.

వంశధార మొగ:

మాది కళింగపట్నం దగ్గర. చదువు లేదు గాని ఒక మాట. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. ఆ తరవాత నీళ్లు తీశాక గుల్లలు ఇసుక మీదకి వచ్చి పడి ఉన్నాయి. కొన్ని ఇంకా బతికే ఉన్నాయి, గొట్టం బయటికి వేలాడుతోంది, ముట్టుకుంటే నెమ్మదిగా మూస్తున్నాయి. కొట్టుకొచ్చాయని కొందరు, తమంతట అవే పైకి వచ్చాయని కొందరు అన్నారు. ఏటి నిజం? వాటిని తినొచ్చా?

రిఫ్రాక్టో అక్క:

బావుంది బాబాయ్, ఇది ఎవరూ అడగరు. రెండూ జరుగుతాయి. వరద ఇసుకని కోసేస్తే గుల్ల బయటపడుతుంది. కానీ ఒత్తిడిలో ఉన్న గుల్ల తనంతట తనే పైకి రావడం కూడా నిజమే. లోపల ఆక్సిజన్ అందకపోయినా, శక్తి తగ్గిపోయినా ఇసుకలో లోతుగా ఉండలేక పైకి వచ్చేస్తుంది. ఇసుకలోకి దూరాలంటే కాలు చాచి, ఉబ్బించి, పెంకుని లాక్కోవాలి. ఆ ఓపిక లేనిది పైనే ఉండిపోతుంది. పీతలకీ పక్షులకీ అప్పుడు పండగ.

తినడం మాత్రం వద్దు. చిప్ప మూసి ఉంచడానికి కండరం పని చేయాలి, తెరవడానికి ఏమీ అక్కర్లేదు. కీలు దగ్గరున్న పట్టీ స్ప్రింగులా ఎప్పుడూ తెరిచే వైపే లాగుతుంది. కాబట్టి తట్టినా మూసుకోని గుల్ల పోయినట్టే లెక్క. నెమ్మదిగా మూసుకునేది పోయే దారిలో ఉన్నట్టు. అలాంటప్పుడు దాని రక్తకణాలకి సూక్ష్మజీవుల్ని మింగే బలం తగ్గుతుంది, వెచ్చటి నీళ్లలో విబ్రియోలు అనే రోగాలు తెచ్చే బాక్టీరియా పెరుగుతాయి. వరద ఊళ్లలోంచి ఏం మోసుకొచ్చిందో చెప్పలేం. ఏరు తేరుకుని, గుల్లలు గట్టిగా బిగుసుకుని ఉన్నాకే తీసుకోండి, బాగా ఉడికించండి.

కోనాడ పిల్ల:

అక్కా, అన్నయ్య గారూ, బాబాయ్ గారూ, చాలా థాంక్స్. రెండుసార్లు చదివాను. డిసెంబరు సంగతి ఇప్పుడు అర్థమైంది. ఒకటి మాత్రం తేలలేదు. అక్టోబరులో మొగ దగ్గర లోతు కాలవలోవి ఎందుకు బతికాయి? అక్కడ కూడా నేను నీళ్లు చూశాను, 4 పీపీటీ ఉంది. తిప్ప దగ్గర కూడా 4. రెండూ ఒకటే కదా?

ఇంకొకటి, ఈసారి ప్రయోగం మళ్లీ చేద్దామనుకుంటున్నాను. ఊరికే చంపి లెక్కపెట్టడం నాకు ఇష్టం లేదు. వేరే ఏం కొలవొచ్చు?

రిఫ్రాక్టో అక్క:

నీళ్లు ఎక్కడ ముంచావు? పైన, అంతే కదా. మా ల్యాబ్‌కి వచ్చే సీసాల్లో కూడా తొంభై పాళ్లు పై నీళ్లే.

మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. వరదలో ఏటి నీరు పైన పరుచుకుని సముద్రంలోకి పోతుంటే, అడుగున ఉప్పునీరు నాలుకలా ఏట్లోకి దూరి ఉంటుంది. లోతు కాలవలో పైన 4 ఉన్నా అడుగున 20 ఉండొచ్చు. తిప్ప దగ్గర లోతే లేదు, పైదీ అడుగుదీ ఒకటే. గుల్ల ఉండేది అడుగున. ఇసుక రేణువుల మధ్య ఉన్న నీరు ఇంకా ఆలస్యంగా చప్పబడుతుంది. బయట నీరు మారినా ఇసుక లోపల పాత ఉప్పు కొన్నాళ్లు ఉంటుంది. కాబట్టి అక్టోబరు అంకెని నీ ప్రాజెక్టులో పై నీటి ఉప్పు అనే రాయి, గుల్ల ఉన్న చోటు ఉప్పు అని రాయకు.

ప్రయోగం సంగతి. చావు కన్నా ముందు మారేవి చాలా ఉన్నాయి, చూడ్డానికీ తేలిక. ఒక పళ్లెంలో నాలుగు వేళ్ల మందాన ఏటి ఇసుక పోసి, గుల్లని పైన పెట్టి, పూర్తిగా లోపలికి దూరడానికి ఎంతసేపు పట్టిందో చూడు. గొట్టాలు బయట ఉన్నాయా, చిప్పలు ఎంత తెరుచుకున్నాయో గంట గంటకీ రాసుకో. మీ కాలేజీలో నాచు కల్చరు ఉంటే పచ్చటి నీళ్లు పోసి ఎంతసేపట్లో తేటబడుతుందో చూడు, గుల్ల లేని గిన్నె కూడా పక్కన పెట్టు, నాచు తనంతట తను అడుగుకి దిగుతుంది కదా.

ఉప్పు మూడు రకాలు చాలు, 30, 20, 10. వేడి రెండు రకాలు, గది వేడి ఒకటి, మంచు ముక్కలు నింపిన సీసా వేసి 25 దగ్గర ఉంచింది ఇంకొకటి. మంచు సీసా మూత గట్టిగా బిగించు, కరిగి టబ్బులో కలిస్తే ఉప్పు లెక్క తప్పుతుంది. నాకు ముఖ్యంగా చూడాలని ఉంది ఏంటంటే, 10 పీపీటీలోకి ఒక్కసారిగా వేసినవి, రోజుకి రెండు మూడు పీపీటీ చొప్పున దింపినవి, ఈ రెండింటికీ తేడా. మేం రొయ్య పిల్లని చెరువుకి ఇచ్చేముందు అలాగే దింపుతాం. టబ్బుకి తక్కువ గుల్లలు, అన్నిట్లో గాలి గొట్టం, పెట్టేముందు ఒక రోజు మామూలు సముద్రపు నీళ్లలో ఉంచి తేరుకోనివ్వు. అయ్యాక బతికున్నవాటిని తీసుకెళ్లి ఏట్లోనే వదిలేయొచ్చు, కానీ ఉప్పు మళ్లీ నెమ్మదిగా పెంచాకే.

పెంకు మీది గీతలు కూడా చూడు. వరద నెలల్లో ఎదుగుదల ఆగినప్పుడు చిక్కటి గీత పడుతుంది. పెద్ద గుల్లల మీద అక్టోబరు గుర్తు ఉండొచ్చు.

ఉప్పుమడి, నౌపడ:

ఎప్పుడైనా ఎక్కువ ఉప్పు నీళ్లు కావాలంటే మా మొదటి మడిలోవి పట్టుకెళ్లు చెల్లెమ్మా, డబ్బాలు తెచ్చుకో.

కోనాడ పిల్ల:

తప్పకుండా అన్నయ్య గారూ. అక్కా, అడుగు నీళ్లు తీయడానికి ఏదో పరికరం ఉంటుందన్నారు మా లెక్చరర్ గారు, కాలేజీలో లేదు. కొనాలా?

రిఫ్రాక్టో అక్క:

అక్కర్లేదు. సన్నమూతి గాజు సీసా తీసుకో. అడుగున ఒక రాయి కట్టు. మూతికి బిరడా పెట్టి, బిరడాకి ఒక తాడు, సీసా మెడకి ఇంకో తాడు. అడుగుకి తగిలాక బిరడా తాడు లాగు, బుడగలు ఆగేదాకా ఉంచి పైకి తియ్యి. రెండు తాళ్లకీ రంగులు వేరుగా ఉండాలి, లేకపోతే పడవలో టెన్షన్. రిఫ్రాక్టోమీటరుని ముందు డిస్టిల్డ్ వాటరుతో సున్నాకి తెచ్చుకుని చూడు. రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టు, పైది, అడుగుది విడివిడిగా, పోటా పాటా కూడా రాసి.